ఐ.పి.లో నున్న రైతు – మోటారు బండి ఋణము

"ఐ.పి. పెట్టినవానికి మోటారు బండి కొనుటకు అప్పు పుట్టునా? పుట్టినను తీసికొనవచ్చునా?" అని మా సంఘ సభ్యులలో నొకరు గత మాసమున కార్యాలయమునకు వచ్చి, తక్కినవారందరు వెడలిపోవు వరకు అరుగుమీద కూర్చుండి, పిమ్మట మెల్లగా నడిగిరి. ఆయన మిరప పండించు రైతు. వరుసగా రెండేండ్లు పంట చెడినందున, అప్పులవారి యొత్తిడికి తాళలేక కోర్టులో ఐ.పి. దాఖలు చేసికొనిరి. కోర్టువారు ఆయనను దివాలాదారుగా నిర్ణయించుచు ఉత్తరువు చేసియున్నారు. విడుదల యింకను కాలేదు. ఇప్పుడు ఊరి కూరగాయలను తెల్లవారుజామున పట్టణపు రైతుబజారునకు చేర్చుటకు సరకుల ఆటో యొకటి కొన్నచో కుటుంబము నిలద్రొక్కుకొనునని ఆయన యాశ. బండ్లమ్మువారి మనిషి యింటికే వచ్చి, "ఐ.పి. సంగతి మిమ్మెవ్వరడిగినారు? సంతకము చేయండి, పది దినములలో బండి మీ వాకిట నుండును" అని చెప్పిపోయెనట. ఆయన సంతకము చేయక ముందుగా మా యొద్దకు వచ్చినందులకు మేము సంతసించితిమి.

ఈ సందేహము ఆయన యొక్కరిది కాదు. మన గ్రామములలో "వాడు ఐ.పి. పెట్టినాడు" అను మాట తిట్టువలె వాడబడుచున్నది. అందుచే అడుగవలసినవారు అడుగుటకు సిగ్గుపడుదురు, సిగ్గుపడినవారు దాచుదురు, దాచినవారు చిక్కుకొందురు. కావున ఈ విషయమును సభ్యులందరకు తెలియునట్లు వివరింప నెంచితిమి. సారాంశమును మొదటనే చెప్పెదము. ఐ.పి.లో నున్నవాడు అప్పు తీసికొనరాదని చట్టము చెప్పుట లేదు. ఐ.పి.లో నున్నానన్న మాట దాచి అప్పు తీసికొనరాదని చెప్పుచున్నది. కారైనను, ట్రాక్టరైనను, సరకుల ఆటోయైనను న్యాయమొక్కటే.

ఐ.పి. యనగా నేమి?

ఇన్సాల్వెన్సీ పిటిషను అను మాటలకు సంక్షేపమే ఐ.పి. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరములకు 1909 నాటి చట్టమును, తక్కిన ప్రాంతములకు 1920వ సంవత్సరపు 5వ చట్టమగు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమును ఏర్పడినవి. 2016లో దివాలా విషయమున నూతన స్మృతి యొకటి వచ్చినమాట నిజమే. కాని వ్యక్తులకు సంబంధించిన దాని భాగము 2019 డిసెంబరు 1వ తేదీనుండి కంపెనీల యప్పులకు జామీను నిలిచినవారికి మాత్రమే అమలులోనికి తేబడినది. మనవంటి సామాన్య రైతులకు 1920 నాటి చట్టమే నేటికిని ఆధారము.

తన ఋణములను తీర్చుకొనలేని స్థితిలో నున్నవాడు, ఆ ఋణములు 500 రూపాయలకు తక్కువ కానప్పుడుగాని, డిక్రీ అమలులో తాను అరెస్టయినప్పుడుగాని, తన యాస్తి జప్తులో నున్నప్పుడుగాని జిల్లా కోర్టులోనో, అధికార మీయబడిన సబుకోర్టులోనో అర్జీ పెట్టుకొనవచ్చును. అప్పిచ్చినవారును, చట్టములో చెప్పిన కొన్ని కారణములున్నయెడల, అర్జీ పెట్టవచ్చును.

ఇందు మూడు మెట్లు కలవు. మొదటిది అర్జీ దాఖలు. రెండవది, దివాలాదారని కోర్టు చేయు నిర్ణయము. మూడవది విడుదల. అర్జీ దాఖలు చేసినంతమాత్రమున ఎవ్వడును దివాలాదారు కాడు. నిర్ణయమైన నాటినుండి విడుదలయగు వరకు గల కాలమే మిక్కిలి జాగ్రత్తతో మెలగవలసిన కాలము. మన మిరప రైతు ఇప్పుడున్నది ఆ కాలములోనే.

పోవునది, నిలుచునది

నిర్ణయమైన వెంటనే దివాలాదారుని యాస్తి కోర్టునకుగాని, కోర్టు నియమించిన రిసీవరునకుగాని సంక్రమించును. రిసీవరు దానిని అమ్మి, వచ్చిన సొమ్మును అప్పులవారికి పంచును. కోర్టు అనుమతిలేక ఆ పాత అప్పులవారు దావా వేయుటకు వీలులేదు. ఐ.పి. వలన రైతునకు కలుగు ఊరట యిదియే.

కాని సమస్తమును పోదు. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను క్రింద జప్తు చేయరాని వస్తువులు రిసీవరునకు చెందవు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, వ్యవసాయదారుని సేద్యపు పనిముట్లు, జీవనమునకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనపు ధాన్యము, అతడు కాపురముండు ఇల్లు ఈ కోవలోనివి. అయితే ఇల్లు తాకట్టులో నున్నచో తాకట్టుదారుని హక్కునకు ఈ రక్షణ యడ్డురాదు. హామీగా ఆస్తిని పట్టుకొనియున్న ఋణదాత హక్కును ఐ.పి. తాకదు.

కారు ఈ జాబితాలో లేదు. అప్పులేని కారున్నచో అది రిసీవరునకు చేరును. అప్పుమీద కొన్న బండియైనచో, దాని రిజిస్ట్రేషను పత్రములో అప్పిచ్చినవారి పేరు వ్రాయబడియుండును. ఐ.పి. పెట్టినంతమాత్రమున ఆ వ్రాత చెరగదు. వాయిదాలు తప్పినచో ఒడంబడిక ప్రకారము వారు బండిని కోరవచ్చును. అయితే మనుష్యులను పంపి బలాత్కారముగా బండిని లాగుకొనిపోవు పద్ధతిని సుప్రీముకోర్టువారు 2007లో తీవ్రముగా గర్హించిరి. ఇదియు రైతు లెరుగవలసిన సంగతియే.

ఏబది రూపాయల నిబంధన

1920 నాటి చట్టమున 72వ సెక్షను చిన్నది; కాని దానిని ఎరిగినవారు తక్కువ. విడుదల పొందని దివాలాదారుడు, తాను అట్టివాడనని తెలుపకుండ ఎవరియొద్దనైనను ఏబది రూపాయలుగాని అంతకు మించిగాని అప్పు పొందినచో, ఆరు మాసముల వరకు ఖైదుగాని, జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని అందు కలదు.

1920లో ఏబది రూపాయలనగా చెప్పుకోదగిన మొత్తమే. నేడు ఆ సొమ్ము ఒక పూట డీజిలుకైనను చాలదు. కాని చట్టములో అంకె మారలేదు. అందుచే ఈ నిబంధన నేడు ఇంచుమించు ప్రతి అప్పునకును వర్తించుచున్నది. లక్షల రూపాయల బండి ఋణమునకే కాదు. ఎరువుల దుకాణములో ఖాతా వ్రాయించి తెచ్చుకొను బస్తాకును, డీజిలు బంకులో నెలాఖరునకు చెల్లింతునని పోయించుకొను నూనెకును వర్తించును. "ఊరిలో అందరకు తెలిసినదే కదా, వేరుగా చెప్పవలయునా?" అని యూరకుండరాదు. అప్పిచ్చువానికి మనము తెలుపవలెను. నోటిమాట రేపు నిలువకపోవచ్చును గనుక వ్రాతమూలకముగా తెలిపి, ముట్టినట్లు సంతకము పుచ్చుకొనుట మేలు.

బండ్లమ్మువారి మనిషి "మిమ్మెవ్వరడిగినారు?" అన్నమాటలోని ప్రమాదమిదియే. అడుగకపోవుట అప్పిచ్చువాని యజాగ్రత్త కావచ్చును. కాని తెలుపకపోవుట తీసికొన్నవాని నేరము. బండి అమ్ముడుపోయినందున కమీషను ఆ మనిషికి. కోర్టు మెట్లు రైతునకు.

అర్జీ మాత్రమే పెట్టి యింకను నిర్ణయము కానివారు "ఈ సెక్షను మాకు తగులదు" అని సంతోషింపబనిలేదు. ఋణపు దరఖాస్తులో అడిగిన సంగతిని దాచి అబద్ధము వ్రాసినచో అది మోసమను నేరమునకు దారితీయును.

కొన్న బండి యెవరిది?

రెండవ చిక్కు 28వ సెక్షనులో నున్నది. నిర్ణయమైన పిమ్మట, విడుదలకు పూర్వము దివాలాదారునకు కొత్తగా వచ్చు ఆస్తియు రిసీవరునకే సంక్రమించును. తండ్రి చనిపోయి సంక్రమించిన భూమియైనను, కష్టించి కూడబెట్టి కొన్న బండియైనను ఇంతే. కావున "అప్పు నాది, వాయిదాలు నావి, బండియు నాదే" యని తలచుట పొరపాటు. ఇది తెలిసిన ఋణదాతలు అట్టివారికి అప్పిచ్చుటకు వెనుకాడుట వింతకాదు.

కావున బండి నిజముగా జీవనాధారమైనచో మొదట పోవలసినది బండ్ల దుకాణమునకు కాదు, రిసీవరు కడకు. వకీలు మూలమున కోర్టునకు తెలియజేసికొనుట యింకను క్షేమము. బండి యెందులకు కావలసినది, వెల యెంత, నెలకు వాయిదా యెంత, అది యే రాబడినుండి చెల్లును అను నాలుగు సంగతులు అందు స్పష్టముగా నుండవలెను. ఈ నాలుగింటికి కాగితముమీద జవాబు వ్రాయలేనివాడు బండి కొనకుండుటే మంచిది. ఈ మాట ఐ.పి. లేనివారికిని చెల్లును.

అమెరికాలో 1978 నాటి దివాలా స్మృతి ప్రకారము, క్రమమైన రాబడిగలవాడు 13వ అధ్యాయము క్రింద మూడు మొదలు అయిదు సంవత్సరముల ప్రణాళిక వేసికొని, ట్రస్టీ ద్వారా అప్పులవారికి చెల్లించుకొనును. ఆ నడుమ కారు చెడిపోయి వేరొక కారు అప్పుమీద కొనవలసివచ్చినచో, ట్రస్టీకో కోర్టునకో చెప్పుకొని, అనుమతి పొంది కొనుట అచ్చటి పద్ధతి. కారెందులకు, వెల యెంత, వాయిదా యెంత యనియే అచ్చటను అడుగుదురు. కుటుంబ వ్యవసాయము చేయు రైతుల కొరకు 1986లో 12వ అధ్యాయము ప్రత్యేకముగా చేర్చబడి, 2005లో శాశ్వతము చేయబడినది. దేశములు వేరైనను నీతి యొక్కటే: దివాలాలో నున్నవాడు బహిరంగముగా అడిగి తీసికొనవలెను.

వడ్డీ లెక్క

అన్నియు తెలిపిన పిమ్మటను అప్పిచ్చువారు ఉందురు. కాని వారు అధిక వడ్డీ యడుగుదురు. ఇచ్చట రైతులు ఒక లెక్క నేర్వవలెను. 3,00,000 రూపాయల ఋణమును 60 నెలలలో తీర్చవలెననుకొందము. తగ్గుచున్న అసలుమీద సాలునకు నూటికి 10 వడ్డీయైనచో నెల వాయిదా సుమారు 6,374 రూపాయలు. మొత్తము వడ్డీ సుమారు 82,400. అదే వడ్డీ నూటికి 20 అయినచో వాయిదా సుమారు 7,948. మొత్తము వడ్డీ సుమారు 1,76,900. వాయిదాలో 1,574 రూపాయల భేదము చిన్నదిగా కనుపించును. అయిదేండ్లలో అది 94,000 రూపాయలు దాటును.

ఇంతకంటె నేర్పుగల పద్ధతి మరొకటి కలదు. "మాది నూటికి 12 మాత్రమే, ఫ్లాటు వడ్డీ" అందురు. ఫ్లాటనగా, అసలు తీరుచున్నను మొదటి మొత్తముమీదనే చివరివరకు వడ్డీ కట్టుట. 3,00,000కు 12 వంతున అయిదేండ్లకు 1,80,000 వడ్డీ. నెలకు 8,000 వాయిదా. అనగా, 12 అని పిలువబడు ఈ వడ్డీ, పైన చెప్పిన నూటికి 20 కంటెను కొంచెము ఎక్కువయే. కావున వడ్డీరేటు అడుగుటతో నిలువక, "మొత్తము మీద నేను కట్టునది యెంత?" అని యడిగి వ్రాయించుకొనవలెను.

ఋణ చరిత్రను నమోదుచేయు సంస్థలకు 2005లో ప్రత్యేక చట్టము చేయబడినది. 2017 జనవరినుండి ప్రతి సంస్థయు సంవత్సరమునకొక సారి పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలెను. దరఖాస్తుకు ముందే దానిని తెప్పించుకొని, తీర్చిన అప్పులు తీరనట్లు చూపబడియున్నవేమో పరీక్షించుకొనుట మంచిది.

బావమరది పేర బండి

"ఇన్ని తంటాలెందుకు? బావమరది పేర బండి తీసికొని నేను నడుపుకొందును" అనువారు పెక్కురు. బావమరది తన సొంత సొమ్ముతో కొని, తన బండిని మనకు కిరాయికిచ్చుట వేరు. సొమ్ము మనది, పేరు అతనిది యగుట వేరు. రెండవది బినామీ వ్యవహారము. 2016 సవరణతో గట్టిపడిన 1988 నాటి బినామీ చట్టము క్రింద ఒకటి మొదలు ఏడేండ్లవరకు ఖైదును, ఆస్తి విలువలో నాలుగవవంతు వరకు జుల్మానాయు విధింపవచ్చును.

ప్రమాదము జరిగినచో మరియొక చిక్కు. రిజిస్ట్రేషను పత్రములో ఎవరి పేరున్నదో వాడే యజమానుడని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. బండి క్రింద పడినవాని కుటుంబమునకు నష్టపరిహారపు బాధ్యత బావమరది నెత్తిన పడును. మన దివాలా చాలక, ఆడబడుచును నమ్మి పేరిచ్చిన యింటిని గూడ దివాలా తీయించుట ఏమి బంధుత్వము?

అర్జీకి ముందు ఉన్న బండిని కుమారుని పేర వ్రాయుటయు ఇట్టిదే. దివాలా నిర్ణయమునకు ఆధారమైన అర్జీకి పూర్వము రెండేండ్లలో తగిన ప్రతిఫలము లేక చేసిన బదిలీలను కోర్టు త్రోసివేయవచ్చును. అర్జీకి పూర్వము మూడు మాసములలో ఒక అప్పువానికి మాత్రము మేలుచేయుటకై చెల్లించిన చెల్లింపులును చెల్లకపోవచ్చును.

విడుదలయే విముక్తి

ఇంతకును దివాలాదారునకు బండికంటె ముందు కావలసినది విడుదల. నిర్ణయపు ఉత్తరువులోనే, విడుదలకు ఎంతకాలములో దరఖాస్తు పెట్టవలయునో కోర్టు పేర్కొనును. "కోర్టు పని యయిపోయినది" అని యింట కూర్చుండువారు కలరు. గడువులో దరఖాస్తు పెట్టనిచో నిర్ణయమే రద్దగును. పాత అప్పులవారు మరల వాకిటికి వత్తురు.

ఆస్తి విలువ, హామీలేని అప్పులలో రూపాయికి ఎనిమిదణాల వంతునకైనను రానిచో కోర్టు పూర్తి విడుదల నీయదు. కాని అది తన తప్పులేని కారణములచే కలిగినదని రైతు నిరూపించినచో ఆ యడ్డు తొలగును. వరదవలన, అనావృష్టివలన, తెగులువలన పంట పోయెనని చూపు కాగితములు ఇక్కడ బంగారముతో సమానము. పంటనష్టపు నమోదు పత్రములు, విత్తనముల రసీదులు, మార్కెటు యార్డు చీట్లు పారవేయకుడు. లెక్కలు సరిగా వ్రాసియుంచకపోవుటయు విడుదలకు అడ్డే. అప్పులను రుజువుపరచిన ఋణదాతలలో సంఖ్యలో అధికులును, మొత్తములో మూడువంతుల పాతికవారును సమ్మతించినచో, కోర్టు ఆమోదముతో రాజీకి వచ్చు మార్గమును కలదు.

జామీనుదారులకు ఒక మాట

సభ్యులలో జామీను సంతకములు చేయువారు ఇది గమనింపవలెను. అప్పు తీసికొన్నవానికి విడుదల దొరకినను జామీనుదారునికి దొరకదు. చట్టము ఆ మాటను స్పష్టముగా చెప్పుచున్నది. కావున ఎవరికైనను జామీను నిలుచుటకు ముందు "నీవు ఐ.పి.లో నున్నావా?" అని మొగమాటము లేక యడుగవలెను. అడిగినందులకు అవతలివారు కోపింపరాదు. చెప్పినందులకు మనము చులకన చేయరాదు.

1904లో ఈ దేశమున పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు గ్రామ సంఘములు అపరిమిత బాధ్యతపై ఏర్పడినవి. అనగా ఒకని అప్పునకు అందరును బాధ్యులు. ఒకరి సంగతి యొకరికి తెలియును గనుకనే అట్టి యేర్పాటు సాధ్యమైనది. పొలము హామీకంటె, బంగారము హామీకంటె, నిజము చెప్పుటయే సంఘమునకు మొదటి హామీ. ఐ.పి. పెట్టినవానిని ఊరు తిట్టినన్నాళ్లు అతడు దాచుచునే యుండును. పంట పోవుట నేరము కాదని మనము ఒప్పుకొన్ననాడు అతడు నిజము చెప్పగలడు.

మా మిరప రైతు ఏమి చేసెనని పాఠకులు అడుగవచ్చును. ఆయన బండి కాగితములను సంతకము చేయకయే తిరిగి యిచ్చివేసిరి. "ఐ.పి.లో నున్నాను" అని వ్రాసి మరియొక చోట దరఖాస్తు పెట్టగా వారు నిరాకరించిరి. అది ఆయనకు కష్టముగనే తోచినది, మాకును తోచినది. ఇప్పుడు నలుగురు రైతులు కలిసి కిరాయికి మాటాడుకొన్న ఆటోలో ఆయన కూరగాయలు రైతుబజారునకు పోవుచున్నవి. రాబడిని దినదినము ఒక పుస్తకములో వ్రాయుచున్నారు. విడుదలకు దరఖాస్తు పెట్టుకొనిరి, విచారణ జరుగవలసియున్నది. సొంత బండి ఇంకను రాలేదు. అయినను రాత్రి తలుపు తట్టిన చప్పుడైనచో గుండె ఝల్లుమనుట లేదని, ఈ నడుమ కార్యాలయమునకు వచ్చినప్పుడు, ఈ మారు అందరి యెదుటనే చెప్పిరి.